చర్చిలో ఓటరు నమోదు బల్ల పెట్టొచ్చా? మా సంఘం రెండుగా చీలింది

టంగుటూరు తమ్ముడు
అందరికీ వందనాలు. మాది టంగుటూరు దగ్గర ఒక పల్లె, బాప్టిస్టు సంఘం. ఆదివారం వంద మంది లోపే వస్తారు. మొన్న యవ్వనస్థుల కూడికలో అడిగితే 18 నిండినా ఓటు లేనివాళ్లు పదకొండు మంది తేలారు. పొగాకు గ్రేడింగ్‌కి పోయే కోడళ్లలో ముగ్గురికి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది. ఆరాధన అయ్యాక మందిరం వరండాలో బల్ల వేసి, అందరి చేతా ఫారం 6 (కొత్త ఓటు దరఖాస్తు) నింపించి, కట్ట కట్టి నేనే ఇచ్చొస్తానన్నాను. ఏ పార్టీ ఊసూ ఉండదు. పాస్టర్ గారు సరే అన్నారు. సంఘ పెద్ద ఒకాయన మాత్రం "ఈరోజు బల్ల, రేపు జెండా" అని అడ్డం పడ్డారు. మీరేమంటారు? "కైసరువి కైసరుకే" అనే బైబిల్ వచనం మాత్రం ఎవరూ ఎత్తొద్దు, మా మీటింగులో రెండు వైపులా అదే వాడేశారు.

పెన్నా గట్టు
మీ పెద్దాయన మాటే కరెక్టు. 2024లో పోలింగ్ మే 13, సోమవారం. ముందురోజు ఆదివారం. ఊళ్లో ప్రచారం ఆగిపోయింది, మైకుల్లేవు. మా నెల్లూరు వైపు ఒక మందిరంలో ప్రసంగం మధ్యలో అయ్యగారు "మనకు ఎవరు మేలు చేశారో మీ మనసుకు తెలుసు" అని ఆపి, చిన్నగా నవ్వారు. పేరు చెప్పలేదు, గుర్తు చెప్పలేదు. నా పక్కనున్న ముసలామె మాత్రం "అర్థమైందా?" అన్నట్టు నా మోకాలి మీద తట్టింది. పైగా ప్రభుత్వం నుంచి నెలకు 5 వేలు గౌరవ వేతనం తీసుకునే పాస్టర్లున్నారు. తీసుకోవడం తప్పనను. అందుకుంటూ ఎటూ మొగ్గకుండా ఉండటం కష్టమంటాను.

ఒంగోలు వకీలు
రెండు విషయాలు కలిపేస్తున్నారు. మతం పేరు చెప్పి అభ్యర్థి తరఫున ఓటు అడిగితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) కిందికి వస్తుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3తో తేల్చింది. మత సంస్థల ఆవరణలో రాజకీయ కార్యకలాపాలు కూడదని 1988లో వేరే చట్టమే వచ్చింది. "ఓటు నమోదు చేయించుకోండి" అని చెప్పడం వీటిలో దేని కిందికీ రాదు. పెన్నా గట్టు గారు చెప్పిన ఆ నవ్వుతోనే తంటా.

తమ్ముడూ, మీ ప్లానులో రెండు తప్పులున్నాయి. పెళ్లయి వచ్చినవాళ్లకు ఫారం 6 కాదు, చిరునామా మార్చే ఫారం 8. 6 ఇస్తే రెండుచోట్ల ఓటు అవుతుంది, అబద్ధపు డిక్లరేషన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. రెండోది, కట్ట కట్టి ఇస్తే తీసుకోరు, ఒకే ఇంటివాళ్లవి అయితే తప్ప. ఎవరిది వాళ్లే ఇవ్వాలి, లేదా ఫోన్లో ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టుకోవాలి.

కనిగిరి బస్సు
2024లో మన రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. ఇంకా ఎవరికయ్యా అవగాహన? ఖాళీగా ఉన్నారా?

టంగుటూరు తమ్ముడు
అన్నా, ఆ 80 లెక్క జాబితాలో పేరున్నవాళ్లలో. మా పదకొండు మంది అందులో లెక్కకే రారు. మీ కనిగిరి నుంచి బెంగళూరు, హైదరాబాద్ బేల్దారి పనులకు పోయినవాళ్ల సంగతి మీకే తెలియాలి. ఇంటికి తాళం ఉంటే పేరు ఉంటుందో ఊడుతుందో! 2025లో బీహార్‌లో జాబితా మొత్తం సవరిస్తే ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి.

రూతమ్మ మనవరాలు
అసలు భయం ఏంటో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. మా అమ్మమ్మ మందిరంలో రూతమ్మ. రేషన్ కార్డులో రత్తమ్మ. ఆధార్‌లో రత్నమ్మ. ఓటరు కార్డులో ఇంటిపేరు ఒకటి, భర్త పేరు ఇంకొకటి. ఒకసారి సంఘం తరఫున ఒకాయన సాయం చేస్తానని దరఖాస్తులో "రూతమ్మ" అని రాసేశాడు, ఆయనకు తెలిసిన పేరు అదే మరి. ఆ పేరు సరిచేయించడానికి మా అమ్మ మూడు కూలి రోజులు పోగొట్టుకుంది.

ఇది పేరుతో పోయే గొడవ కాదు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ. మందిరానికి వస్తూ పాత సర్టిఫికెట్‌తోనే ఉన్న ఇళ్లు ఎన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చర్చి వరండాలో పేరు రాయించుకుంటే రేపు ఎవరో ఆ కాగితం ఎత్తి చూపిస్తారని వాళ్ల టెన్షన్. ఫారం 6లో మతం గానీ కులం గానీ అడగరు. ఆ మాట ముందు చెప్పండి, తర్వాత బల్ల వేయండి.

డల్లాస్ బావ
ఇక్కడ అమెరికాలో చర్చిల్లో ఆదివారమే ఓటరు నమోదు చేస్తారు, మామూలు విషయం. అభ్యర్థిని సమర్థిస్తే పన్ను మినహాయింపు పోతుందని 1954 నుంచి చట్టం ఉంది.

పెన్నా గట్టు
బావా, మీకు ఇంటికొచ్చి ఓటరు జాబితా చూసే బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) లేడు. మాకున్నారు. ఆ పని వాళ్లను చెయ్యనివ్వండి.

కావలి విజయ
బల్ల కంటే ఆ పక్కన పెట్టే నోట్‌బుక్ ప్రమాదం. మా స్త్రీల సమాజంలో క్రిస్మస్ చీరల కోసం పేరు, ఫోన్ నంబరు, వార్డు రాసుకున్నాం. ఎన్నికలప్పుడు మా అందరికీ ఒకే నాయకుడి నుంచి "అక్కా, బాగున్నారా" అని ఫోన్లు మొదలయ్యాయి. మా ఇంట్లో ఎవరూ వాడని నంబరు ఒకటుంది, ఆ నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా ఇవ్వలేదు. దానికీ వచ్చింది. ఎవరిచ్చారని అడిగితే అందరూ దేవుడి మీద ఒట్టే.

గుండ్లకమ్మ
విజయ గారి మాటకు పాత ముచ్చట ఒకటి. బకింగ్‌హాం కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని కరువులో మన తాతముత్తాతలకు కూలి ఇప్పించింది ఒంగోలు మిషన్ క్లౌ దొర. ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం మతంలోకి వచ్చారని అనకూడదని. 1878 జులైలో వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చింది ఆ తర్వాతే. సాయం చేసే చోట ఇంకేదీ అడగకపోవడం మన సంఘాలకు కొత్తేం కాదు. ఇప్పటివాళ్లు మర్చిపోయారంతే.

ఒంగోలు వకీలు
అదే నేనూ అంటున్నా. ప్రకటన మందిరంలో చదవండి, పని బయట చేసుకోండి. 17 నిండినవాళ్లూ ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పుడు చేరుస్తారు. అడిగేవాళ్లకు ఓటరు హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు 1950 చెప్పండి.

టంగుటూరు తమ్ముడు
అప్‌డేట్. వరండా మానేశాం. మా బీఎల్ఓ అంగన్‌వాడీ టీచరమ్మే. మధ్యాహ్నం స్కూలు దగ్గర కూర్చుంటానంది. అది పోలింగ్ బూత్ కూడా కాబట్టి రామాలయం వైపు పిల్లలూ నలుగురు వచ్చారు, అది నేను అనుకోలేదు. ఒకమ్మాయి "ఇందులో మతం ఎక్కడ రాయాలి ఆంటీ?" అంది. టీచరమ్మ ఫారం అటూ ఇటూ తిప్పి చూసి "లేదమ్మా" అంది. పిల్ల మొహం తేటపడింది. పేర్లన్నీ ఆధార్ చూసే రాయించాం.

మా పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. ప్రకటన కూడా ఆశీర్వాదం అయిపోయాకే చదవాలట. సరే అన్నాం. పదకొండు మందిలో ఏడుగురు అయ్యారు. మిగిలిన నలుగురిలో ఇద్దరు చీమకుర్తి క్వారీలో ఉన్నారు, వచ్చే ఆదివారం దిగుతారు.

పెన్నా గట్టు
ఆ నలుగురి పేర్లు ఎక్కడా రాసిపెట్టలేదు కదా?

టంగుటూరు తమ్ముడు
తలలో ఉన్నాయన్నా.