రెండు వారాల మిషన్ యాత్రలు: వెళ్లడం మేలా, ఆ డబ్బు పంపడం మేలా?

ప్రశ్న (డాలస్, యువజన నాయకుడు):
అందరికీ వందనాలు. మాది చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. వచ్చే జూలైలో మా యువజనులు పద్నాలుగుమంది గ్వాటెమాలాలోని చిమల్తెనాంగో కొండప్రాంతానికి వెళ్లి, ఉదయం పూట మందిరపు గోడ కట్టి, మధ్యాహ్నం పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) నడపాలనుకుంటున్నారు. ఆ విమాన ఖర్చు అక్కడి సంఘానికే పంపితే గోడలతోపాటు కప్పు కూడా పడుతుందని మా పెద్ద ఒకరు అభ్యంతరం చెప్పారు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో చూసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం (హ్యూస్టన్, స్వగ్రామం ఒంగోలు దగ్గర):
సోదరా, ఈ విషయం నాకు రెండు వైపుల నుండీ తెలుసు. నా చిన్నతనంలో మా పల్లె సంఘానికి విదేశీ బృందం వస్తోందంటే వారం ముందే మందిరానికి సున్నం వేసేవారు, అప్పు తెచ్చి కోళ్లు కోసేవారు, మా బావి నీళ్లు వారికి పడవని ఒంగోలు నుండి సీసా నీళ్లు తెప్పించేవారు. ఆ అప్పు సంగతి వచ్చినవారికి తెలియదు. అతిథి ముందు లేమి చెప్పుకోవడం నామోషీ గనుక మావాళ్లెవరూ చెప్పలేదు.

మూడేళ్ల క్రితం నేనే అతిథినై మీరు చెప్పిన ప్రాంతానికి వెళ్లాను. మా రోజు ఆరు గంటల ప్రార్థనతో మొదలయ్యేది. మాకు వండిపెట్టే అక్కల రోజు మాత్రం మూడున్నరకే మొదలయ్యేది. ముందురోజు రాత్రి సున్నపు నీటిలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నను కడిగి, మరకు తీసుకెళ్లి పిండి ఆడించుకొచ్చి, పొగ కమ్మిన వంటింట్లో రెండు అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసేవారు. మా అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు నాకు అక్కడ వినిపించింది. వారిలో ఒకామె గురువారం సంతలో కూరగాయలు అమ్మి ఇల్లు నడుపుకొనే మనిషి. మా కోసం ఆ వారం సంత మానేసిందని మేము తిరుగు ప్రయాణమయ్యే రోజున గాని నాకు తెలియలేదు.

గోడ విషయానికొస్తే, 1976 ఫిబ్రవరి 4 నాటి భూకంపంలో అక్కడి పచ్చి ఇటుకల ఇళ్లు కూలి వేలమంది చనిపోయారు. సిమెంటు దిమ్మెల గోడలో ఇనుప కడ్డీ ఎందుకు నిలబెట్టాలో ఆ ఊరి మేస్త్రీకి ఎవరూ నేర్పనక్కరలేదు. తాపీ పట్టడం రాని మాకు నేర్పడానికే ఆయన పూట గడిచిపోయేది. వీబీఎస్‌లో మా ఇంగ్లీషు కథను ఒకరు స్పానిష్‌లోకి, ఇంకొకరు చిన్నపిల్లలకు అర్థమయ్యే అక్కడి మాయా ప్రజల కక్చికెల్ భాషలోకి మార్చేసరికి మధ్యాహ్నపు వాన మొదలయ్యేది. కాబట్టి మీ పెద్దగారి మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

సమాధానం (విజయవాడ, సంఘకాపరి):
ఆతిథ్యం భారమేనన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. అయితే 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో ఉన్న తెలుగు కూలీల కోసం మన తెలుగు బాప్టిస్టులు పంపింది కానుకలు మాత్రమే కాదు, మిషనరీగా జాన్ రంగయ్యగారిని. మనిషి వెళ్లకపోతే బంధం ఏర్పడదు. ఇలాంటి యాత్రకు వెళ్లి అక్కడి ముఖాలు చూసి వచ్చిన మా సంఘ యువకుడొకడు ఈనాటికీ నెలనెలా కానుక పంపుతున్నాడు. చూడకుండా పంపేవాడు రెండో ఏడాదికి మరిచిపోతాడు.

సమాధానం (హ్యూస్టన్):
అయ్యగారూ, మీ యువకుని విషయం నేను కాదనను. నేను పంపే కానుక కూడా ఆ ప్రయాణం వల్లనే మొదలైంది. కానీ రంగయ్యగారు తన భాషే మాట్లాడే కూలీల దగ్గరకు వెళ్లారు, 1915లో కన్నుమూసేవరకు ఆ పరిచర్యలోనే ఉన్నారు. రెండు వారాలు ఉండి వచ్చేవారిని ఆయన పక్కన నిలబెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

డాలస్ సోదరా, వెళ్లాలనే నిర్ణయిస్తే పద్నాలుగుమంది వద్దు, నలుగురు చాలు. మిగిలిన పదిమంది టిక్కెట్ల డబ్బు ముందుగానే పంపి, దాన్ని గోడకు వాడాలో కప్పుకు వాడాలో అక్కడి సంఘాన్నే తేల్చుకోనివ్వండి. మేస్త్రీకి, వంట అక్కలకు వారి ఊరి కూలి లెక్కన ప్రతిరోజూ సాయంత్రం చెల్లించండి. వీబీఎస్ వారి సండే స్కూల్ టీచర్లనే నడపనిచ్చి, మీవాళ్లు పిల్లలతో కలిసి కింద కూర్చోవాలి. తేదీలు ఖాయం చేసే ముందు అక్కడి కాపరిగారిని సంత ఏ రోజో అడిగి, ఆ రోజు వంట మీ నలుగురే చేసుకోండి.