ఏడో తరగతికి సాగరమథనం: పద్యమా, పాటా, బొమ్మా?

నాగావళి మాస్టారు: శ్రీకాకుళం దగ్గర బళ్ళో తెలుగు చెప్తాను. ఏడో తరగతికి సాగరమథనం కథ ఇలా చెబుదామనుకుంటున్నా. ముందు పోతన పద్యాలు రెండు, తర్వాత కొంచెం హరికథ, శనివారం శ్రీకూర్మం గుడికి తీసుకెళ్ళి గోడల మీది బొమ్మలు. తిరిగొచ్చాక దేవతలు వాసుకి తల, రాక్షసులు తోక పట్టుకుని చిలుకుతున్నట్టు పిల్లలే గీస్తారు. ఇద్దరు తండ్రులు వద్దన్నారు. మీరేమంటారు?

జీడితోట: ఎందుకు వద్దన్నారో చెప్పండి ముందు.

బొబ్బిలి తంబురా: తల పట్టింది రాక్షసులండీ! ముందు దేవతలే తల వైపు వెళ్ళారు. తోక పట్టడానికి మేమేం తక్కువవాళ్ళమా అని రాక్షసులు అలిగితే విష్ణువు నవ్వి తల వదిలేశాడు. భాగవతం, ఎనిమిదో స్కంధం.

నాగావళి మాస్టారు: నిజమే, తొందరలో రాశాను. ఒకాయన ఇది పరీక్షలో రాదన్నాడు. రెండో ఆయన, గుడికి తీసుకెళ్ళడం పాఠమెలా అవుతుందన్నాడు.

బొబ్బిలి తంబురా: మీ తొందరకి నలభై మంది పిల్లలు తప్పు బొమ్మ గీస్తారు.

గజపతినగరం అమ్మ: నా ఆరో తరగతిలో ఇలాగే నాటకం వేయించారు. నల్లగా ఉన్నానని రాక్షసి వేషం నాకే ఇచ్చారు. బడి వదిలేదాకా నా పేరు తాటకే. ఇప్పుడు నా కూతురు ఏడులో ఉంది.

నాగావళి మాస్టారు: వేషాలేం లేవమ్మా, బొమ్మలే.

గజపతినగరం అమ్మ: ఆ బొమ్మల్లో రాక్షసులకి ఏ రంగు వేస్తారు? కృష్ణుణ్ణి నల్లనివాడని ముద్దుగా పాడతారు. పక్క బెంచీలో పిల్ల నల్లగా ఉంటే మాత్రం ఆ ముద్దు ఉండదు.

బొబ్బిలి తంబురా: చర్చ పక్కదారి పట్టింది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెడితే మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. అలాంటి గడ్డ మీద హరికథ చెప్పడానికి పెన్సిలు రంగులు అడ్డమా? పైగా తల విషయం...

జీడితోట: ఆ తల వదలండి బాబూ.

తప్పెటగుళ్ళ మనవడు: పొద్దున్నుంచి చూస్తున్నా. పోతన, హరికథ, గుడి గోడ, అంతేనా? మా తాత రొమ్ముకి తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టి రాత్రంతా కృష్ణుడి కథ ఆడేవాడు. వాన పడకపోతే తప్పెటగుళ్ళు ఆడమని ఊరంతా మా గుమ్మంలోనే. అదే పాట నేను క్లాసులో ఎత్తుకుంటే "మోటుపాట, కూర్చో" అన్నారు. కథ ఒకటే కదా సార్, మాది ఎందుకు పనికిరాలేదు?

బొబ్బిలి తంబురా: జానపదమంటే నాకూ గౌరవమే. కానీ సాహిత్యమంటే...

తప్పెటగుళ్ళ మనవడు: ఆ "కానీ" కోసమే కాచుక్కూచున్నా. పండక్కి మేం కావాలి, పాఠానికి అక్కర్లేదు. మీ గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి.

బొబ్బిలి తంబురా: నోరు అదుపులో పెట్టుకోండి. ముప్పై ఏళ్ళు సాధన చేసినవాణ్ణి.

తప్పెటగుళ్ళ మనవడు: మా తాత చేసింది సాధన కాదా?

నాగావళి మాస్టారు: ఇద్దరూ ఆగండి. రెండో తండ్రికి సాయంత్రం ఫోన్ చేశాను. ఆయనకి కథతో పేచీ లేదు. చిన్నప్పుడు ఓ గుడి మెట్ల దగ్గరే వాళ్ళ నాన్నని ఆపేశారట, "మా వాడు ఏ మొహంతో లోపలికి వెళ్తాడు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా క్లాసులో తప్పెటగుళ్ళ ఇళ్ళ పిల్లలు నలుగురున్నారు, వాళ్ళనీ ఇన్నాళ్ళూ అడగలేదు. రేపు అడుగుతాను. హెడ్మాస్టారు ఏమంటారో అదో టెన్షన్.

గజపతినగరం అమ్మ: రంగు సంగతి?

నాగావళి మాస్టారు: అందరికీ ఒకే బొగ్గు ముక్క.

బొబ్బిలి తంబురా: మొదటి పోస్టులో తోక ఇంకా రాక్షసుల చేతిలోనే ఉంది. దిద్దండి.