అప్‌డేట్: గబగబా తిని కక్కేసే మా పిల్లికి నయమైంది

గిన్నె నిమిషంలో ఖాళీ చేసి, వెంటనే పొడి మేతను గింజలు గింజలుగానే కక్కేస్తోందని మా పిల్లి గురించి అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పశువైద్యురాలు చూశారు. బరువు తగ్గలేదు, మల పరీక్షలో పురుగులు లేవు, తిన్నది అరగకుండానే వస్తోంది కాబట్టి తొందరే కారణమన్నారు. ఒళ్లు నాక్కున్నప్పుడు కడుపులో చేరే వెంట్రుకల ఉండలకని నేను కొన్న పేస్టు, మేత మార్చడం రెండూ దండగే.

పనిచేసింది మీలో ఒకరు చెప్పిన పాత పొంగనాల పెనం! గుంతకు నాలుగైదు గింజలు వేస్తే పంజాతో గీరుకుంటూ పావుగంట తింటోంది. రెండు పూటల మేతను నాలుగు పూటలకు పంచాను. రెండో పిల్లికి పక్క గదిలో పెడుతున్నాను. అసలు పోటీ దానితోనే. మూడు వారాల్లో ఒక్కసారే కక్కింది, అదీ బల్లిని మింగిన రోజు.