కాపర్ మందులో 3 వారాలైనా బ్లూ టాంగ్ చేప మీద తెల్ల మచ్చలు పోవట్లేదు

అందరికీ నమస్తే. క్వారంటైన్ ట్యాంకులో (విడిగా ఉంచే తొట్టిలో) ఉన్న మా బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపకి రెక్క అంచున నాలుగు తెల్ల మచ్చలు వచ్చాయి. ఇక్ (పరాన్నజీవి వల్ల వచ్చే తెల్ల మచ్చల జబ్బు) అనుకుని కీలేటెడ్ కాపర్ (నీళ్లలో కలిపే రాగి మందు) మొదలుపెట్టాను. నీళ్లలో కాపర్ ఎంతుందో రోజూ టెస్ట్ చేస్తున్నాను, 2.5 పీపీఎం (పది లక్షల్లో 2.5 వంతులు) కంటే తగ్గనివ్వలేదు. ఇవాళ్టికి 22వ రోజు. ఇక్ మచ్చలైతే వారం రోజుల్లో రాలిపోవాలి కదా, ఇవి ఉన్నచోటే ఉన్నాయి. పైగా ఉప్పు రవ్వల్లా లేవు. ఒకటైతే చిన్న కాలీఫ్లవర్ ముక్కలా ఉబ్బింది. తిండి బాగానే తింటోంది, ఆయాసం లేదు, పైపులకు ఒళ్లు రుద్దుకోవట్లేదు.

లింఫోసిస్టిస్ (చేపల చర్మం మీద బొడిపెలు తెచ్చే జబ్బు) అని నా అనుమానం. అది వైరస్ వల్ల వస్తుంది, కాపర్‌కి లొంగదు. మరి ఇక్ కోసం వేసే 30 రోజుల కాపర్ కోర్సు పూర్తి చేయనా, ఇప్పుడే కాపర్ తీసేయనా? టాంగ్‌కి కాపర్ అంతగా పడదు కదా, అందులో ఎక్కువ రోజులు ఉంచాలంటే భయంగా ఉంది. లింఫోసిస్టిస్ తగ్గిన చేప మీ దగ్గర ఉంటే, ఎన్నాళ్లు పట్టిందో, ఏం తినిపించారో దయచేసి చెప్పండి.