శాంటోరినిలో ద్రాక్షతీగ గంపలాగే ఉండాలా, వరసల్లోకి మార్చొచ్చా?

ఏజియన్_గాలి:
గ్రీసు వైన్లు ఇష్టపడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. శాంటోరిని దీవిలో అసీర్తికో అనే తెల్లద్రాక్షను పందిరి మీద పెంచరు. ఏటా కటింగ్ అప్పుడు మిగిల్చిన కొమ్మల్ని చుట్టూ అల్లుతూ, నేల మీదే గంపలా తయారుచేస్తారు. దాన్ని కులూరా అంటారు. ఇప్పుడు కొందరు స్తంభాలు పాతి, వైర్లు లాగి, మామూలు తోటల్లా వరసల్లో నాటుతున్నారు. నాకిది అస్సలు నచ్చడం లేదు.

నేను ఏథెన్స్‌లో ఉంటాను. ఒక ఆగస్టులో పిర్గోస్ ఊరి దగ్గర తోటలో కోతకు సాయం వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని ఆకులు పక్కకి తీస్తే తప్ప గుత్తి కనబడదు. పైన ఆకు ఎండకి వేడెక్కి ఉంది, లోపల గుత్తి మాత్రం చల్లగా ఉంది. టోపీ తలమీద నిలవనంత గాలి, ఆ గాలికి ఎగిరే ఇసుక. గంప అడ్డం లేకపోతే లేత కొమ్మలు ఏమైపోతాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఇంత తెలివైన పద్ధతిని పని తేలికని మార్చేస్తారా?

శంషాబాద్_తోట:
పని తేలిక కావడం తప్పా? మా తాతకి శంషాబాద్ దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు అక్కడ ప్లాట్లు. తోట కాయక పోలేదు. పనికి మనుషులు దొరకలేదు, అదే టైంలో భూమి రేటు పెరిగింది. శాంటోరినిలో కూడా హోటళ్లు, విల్లాలు తోటల్ని తినేస్తున్నాయి కదా. గంపల మధ్యకి యంత్రం పోదు. కటింగ్, అల్లిక, కోత అన్నీ నడుం వంచి చేతులతోనే చేయాలి. రేపు ఆ పని ఎవరు చేస్తారు?

ఇంకో సంగతి. గ్రీసులోనే మాసిడోనియా ప్రాంతంలోని నౌసా, పెలొపొనీస్ ప్రాంతంలోని నెమెయా, ఈ శాంటోరిని, మూడింటికీ 1971లోనే ప్రాంతం పేరుతో వైన్ అమ్ముకునే గుర్తింపు వచ్చింది. నౌసాలో క్సినోమావ్రో, నెమెయాలో అగియోర్గిటికో అనే ద్రాక్షరకాలు వరసల్లోనే పెరుగుతున్నాయి. వాటి పరువేం తగ్గలేదు. అసీర్తికోని కూడా ఉత్తర గ్రీసులోని డ్రామాలో, ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో వరసల్లో పెంచి మంచి వైనే తీస్తున్నారు.

మట్టి_వాసన:
డ్రామాతో, నౌసాతో పోల్చడం కుదరదండి. అసలు తేడా నీళ్లు. శాంటోరినిలో నది లేదు, వాన చాలా తక్కువ, జనం వాడుకునే నీళ్లలో చాలా భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. అందుకే గంపకీ గంపకీ మధ్య అంత జాగా వదులుతారు, ఒక్కో వేరుకి తన వాటా తేమ దొరకాలని. రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమను అక్కడి నేలలోని ప్యూమిస్ అనే తేలికైన, చిల్లుల అగ్నిపర్వతపు రాయి పట్టి ఉంచుతుంది. వరసల్లో దగ్గర దగ్గరగా నాటితే డ్రిప్ పెట్టక తప్పదు. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?

శంషాబాద్_తోట:
నీళ్ల మాట ఒప్పుకుంటున్నాను, అది నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ వరసలన్నంత మాత్రాన దగ్గరగానే నాటాలని లేదు. గాలి మరుగున్న చోట దూరం దూరంగా వేసుకోవచ్చు. ఎవరూ పట్టించుకోక ఎండిపోయే గంప కంటే, రైతుకి నాలుగు డబ్బులు మిగిలే వరస నయం కాదా?

ఏజియన్_గాలి:
గాలి మరుగున్న చోట కొత్తగా నాటేదైతే నేనూ కాదనను. మొదటి పోస్టులో ఆ తేడా రాయకపోవడం నా పొరపాటే. నా బాధంతా పాత గంపల్ని పీకి వరసలు వేయడం గురించి.

ఫిలోక్సెరా అనే పేనుపురుగు పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్ని నాశనం చేసింది. అప్పటినుంచి దాదాపు అన్నిచోట్లా అమెరికన్ వేరు మీద అంటు కట్టాల్సిందే. శాంటోరినిలోని అగ్నిపర్వతపు బూడిద నేలలో బంకమట్టి దాదాపు లేదు కాబట్టి ఆ పురుగు బతకలేదు. అక్కడ తీగ ఇప్పటికీ తన సొంత వేరు మీదే ఉంది. గంప ముసలిదై కాపు తగ్గితే మొదలు దగ్గర కోసేస్తారు. పాత వేరు నుంచే కొత్త కొమ్మ లేస్తుంది, మళ్లీ అల్లుతారు. చెట్టు చచ్చిన చోట పక్క తీగను వంచి మట్టిలో తొక్కుతారు. మన నేలంటు లాంటిదే. పైన గంప వయసు ఎంతైనా, కింద వందేళ్లు దాటిన వేర్లున్నాయి. స్తంభాల కోసం గంపను తవ్వేస్తే ఆ వేరు కూడా పోతుంది, దాన్ని నర్సరీలో కొనుక్కోలేం.

రైతుకి నాలుగు డబ్బులు మిగలాలన్నారు, అది నూటికి నూరుపాళ్లు నిజం. నేను కోతకు వెళ్లిన తోట పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఆయన తర్వాత గంప అల్లడం ఆ ఇంట్లో ఒక్క మనవరాలికే వచ్చు. ఆ అమ్మాయి ఆ పనిలోనే ఉండాలంటే గంప ద్రాక్షకి వేరే ధర, కాస్త ఎక్కువ ధర కట్టాలి. శంషాబాద్ అన్నా, మీ తాతగారికి అప్పట్లో ఎంత ధర వచ్చుంటే తోట ఉంచేవారు?

శంషాబాద్_తోట:
ధర ఒక్కటే అయితే ఉంచేవారేమో. కటింగ్ చేసే ఇద్దరూ ఒకే ఏడు సిటీలో పనికి వెళ్లిపోయారు. తర్వాతి సీజన్‌కి తాత ఒక్కడే పందిరి కింద నిలబడ్డాడు. ఆ మనవరాలికి తోడు ఇంకొకరు నేర్చుకుంటున్నారా?