కంట్రోలర్ ఫ్లోట్ అంటోంది, తెల్లారేసరికి బ్యాటరీ 11.8

చక్రాలిల్లు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఆరు గంటలుగా దీని మీదే ఉన్నాను, తల తిరిగిపోతోంది. క్యాంపర్ వ్యాన్ టాప్ మీద 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల ఎక్కువ వోల్టేజ్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఛార్జ్ చేసేది), లోపల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కంట్రోలర్ ఫ్లోట్‌లోకి (తక్కువ వోల్టేజ్‌తో నిలిపి ఉంచే చివరి దశ) వెళ్ళిపోతోంది, అంటే బ్యాటరీ నిండినట్టే కదా? తెల్లారి చూస్తే 11.8 వోల్టులు, ఫ్రిజ్ ఆగిపోయి ఉంటోంది. లోడ్ అంటే ఫ్రిజ్ ఒక్కటే. ప్యానెల్ తీగల ఎంసీ4 కనెక్టర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. ప్యానెళ్లు విడివిడిగా చూస్తే ఒక్కోదానికి 21.6 వోల్టులు వస్తున్నాయి. పోయింది ప్యానెలా, కంట్రోలరా? ఎవరైనా చెప్పండి, దయచేసి.

పన్నెండువోల్టులు:
బ్యాటరీ ఏ రకం? ఫ్రిజ్ ఏ రకం? కంట్రోలర్‌లో ఏ సెట్టింగ్?

నీడకుశత్రువు:
ముందు టాప్ మీదికెక్కి చూడండి. నూటికి తొంభైమంది నీడను తేలిగ్గా తీసుకుంటారు. 36 సెల్లుల ప్యానెల్‌లో నీడ పడ్డ సెల్లులను దాటించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు సాధారణంగా రెండే, 18 సెల్లులకు ఒకటి. వెంట్ మూత నీడ ఒక్క సెల్లును పూర్తిగా కప్పినా ఆ సగం ప్యానెల్ పనిలోంచి తప్పుకుంటుంది. రెండు ప్యానెళ్లూ ప్యారలల్‌లో ఉంటే నీడ పడినది 9 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, అది బ్యాటరీకి చేర్చేది ఏమీ ఉండదు. సిరీస్‌లో ఉంటే మిగిలిన మూడు సగాలూ కలిసి 27 వోల్టుల దాకా ఇస్తాయి, ఎంపీపీటీ దాన్ని చక్కగా వాడుకుంటుంది. అందుకే ఎంపీపీటీ ఉంటే సిరీసే కట్టమంటాను. ఎక్కువ వోల్టేజ్‌ని మార్చుకోలేని పీడబ్ల్యూఎం కంట్రోలర్‌కి మాత్రం అలా కట్టొద్దు, సగం కరెంటు వృథా.

వేడి సంగతి కూడా చూడండి. సెల్లు 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.4 శాతం పవర్ తగ్గుతుంది. 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. ప్యానెల్ కింద రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండి గాలి ఆడితే చాలా తేడా.

చక్రాలిల్లు:
నీడ లేదండీ, చుట్టూ చెట్టన్నదే లేని మైదానం. సిరీస్‌లోనే ఉన్నాయి. బ్యాటరీ మామూలు లీజర్ బ్యాటరీ. ఫ్రిజ్ కంప్రెసర్‌ది. సెట్టింగ్ నేనేమీ ముట్టుకోలేదు.

పన్నెండువోల్టులు:
లీజర్ అనేది రకం కాదు. ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచులో పీల్చి ఉంచేది), జెల్, యాసిడ్ నీళ్లు పోసేది, లిథియం, వీటిలో ఏదో దాని మీదే రాసి ఉంటుంది. ముట్టుకోలేదంటే సెట్టింగ్ చూడలేదనే అర్థం. చూసి చెప్పండి.

చక్రాలిల్లు:
ఏజీఎం. కంట్రోలర్‌లో జెల్ అని ఉంది.

రాగితీగ:
ఫ్లోట్ అంటే నిండినట్టు కాదండీ. కంట్రోలర్ తనకు పెట్టిన వోల్టేజ్‌కి చేరింది, తనకు పెట్టిన టైము గడిచింది, అంతే. జెల్‌లో అది సాధారణంగా 14.1, 14.2 దగ్గర ఉంటుంది. ఏజీఎంకి 14.4 నుంచి 14.7 దాకా కావాలి, ఖచ్చితమైన అంకె బ్యాటరీ మీదే ఉంటుంది. అబ్సార్ప్షన్ టైము, అంటే ఆ వోల్టేజ్ దగ్గర పట్టి ఉంచే టైము, చాలా కంట్రోలర్లలో 2 గంటలకే పెట్టి ఉంటుంది. ఏజీఎం చివరి 20 శాతం నిండటానికి అది చాలదు, అక్కడ బ్యాటరీ కరెంటును మెల్లగానే తీసుకుంటుంది.

అయినా నా అనుమానం సెట్టింగ్ ఒక్కదాని మీదే కాదు. ఎండ బాగా ఉన్నప్పుడు, ఫ్లోట్‌కి వెళ్ళకముందే, మల్టీమీటర్‌తో రెండుచోట్ల చూడండి. ఒకటి, కంట్రోలర్ బ్యాటరీ స్క్రూల మీద. రెండు, బ్యాటరీ టెర్మినళ్ల మీద. లగ్‌కి (తీగ చివరి బిళ్ళకి) కాదు, సీసం ముక్కకే మీటర్ మొన ఆనించాలి. ఆ సమయానికి కంట్రోలర్ ఎన్ని ఆంపియర్లు చూపిస్తోందో రాసుకోండి. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి ఏ వైరు వేశారు, ఎంత దూరం?

చక్రాలిల్లు:
4 ఎంఎం వైరు. మూడున్నర మీటర్ల దూరం. రేపు పొద్దున కొలుస్తాను.

లిథియంబాట:
ఇంత గొడవెందుకు? ఏజీఎం తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టండి. 100 ఏహెచ్‌లో 80, 90 వాడుకోవచ్చు, ఏజీఎంలో 50 దాటితే ఆయుష్షు తగ్గుతుంది.

రాగితీగ:
వాడకం గురించి మీరన్నది నిజమే. కానీ అదే వైరు మీద అదే కంట్రోలర్ ఉంటే లిథియం దగ్గరా ఇదే తప్పు ఉంటుంది. పైగా వేడిని బట్టి వోల్టేజ్ మార్చే టెంపరేచర్ కాంపెన్సేషన్ ఆపాలి, అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజ్ పెట్టే ఈక్వలైజేషన్ ఆపాలి, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ కాకుండా చూడాలి. ముందు ఉన్న తప్పు పట్టుకుందాం.

నీడకుశత్రువు:
4 ఎంఎం వైరు 10 ఆంపియర్లకు హాయిగా సరిపోతుంది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా కూడా ఉండదు.

పన్నెండువోల్టులు:
4 ఎంఎంనా, 4 చదరపు ఎంఎంనా?

చక్రాలిల్లు:
రెండూ ఒకటే కదా?

నీడకుశత్రువు:
ఒకటే. వైరు షాపులో 4 ఎంఎం అంటే 4 చదరపు ఎంఎం అనే అర్థం.

రాగితీగ:
ఇంటి వైరింగ్ తీగకైతే అంతే. వాహనాల కోసమని అమ్మే కొన్ని తీగల మీద రాసేది ప్లాస్టిక్ తొడుగుతో కలిపిన బయటి మందం. అలాంటి 4 ఎంఎం తీగలో రాగి 2 చదరపు ఎంఎం కూడా ఉండదు, 1.84 దగ్గర ఉంటుంది. 6 ఎంఎం అన్నదాంట్లో 4.6 లోపే. అందుకే చివర కొంచెం ఒలిచి రాగినే చూడమంటాను.

వెచ్చబడకపోవడం వేరు, వోల్టేజ్ తగ్గకపోవడం వేరు. 1.84 చదరపు ఎంఎం రాగికి మీటరుకి 9.3 మిల్లీఓమ్‌లు. పోను మూడున్నర, రాను మూడున్నర, మొత్తం 7 మీటర్లు, 65 మిల్లీఓమ్‌లు. 9 ఆంపియర్లు పారితే 0.6 వోల్టులు దారిలోనే పోతాయి. ఆ పోయే 5 వాట్లు 7 మీటర్ల పొడుగునా పరుచుకుంటాయి కాబట్టి చేతికి తెలియదు. కంట్రోలర్ మాత్రం తన స్క్రూల దగ్గరి వోల్టేజే చూస్తుంది. బ్యాటరీ ఇంకా కిందే ఉండగా అక్కడికి చేరిపోయిందనుకుని 2 గంటల లెక్క మొదలుపెడుతుంది.

నీడకుశత్రువు:
బయటి మందం రాసే తీగ నేనెప్పుడూ చూడలేదు. అది తయారీ తప్పు, తీగ తప్పు కాదు.

పన్నెండువోల్టులు:
కొలవమనండి.

చక్రాలిల్లు:
11 గంటలకు కొలిచాను. 9.1 ఆంపియర్లు. కంట్రోలర్ దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 13.48. తీగ ఒలిచి చూశాను, ప్లాస్టిక్కే మందంగా ఉంది, లోపల రాగి సన్నం.

రాగితీగ:
తేడా 0.72. తీగ లెక్క 0.6, మిగతాది ఎక్కడో కీలులో ఉంది. ఫ్యూజ్ హోల్డర్‌ని ఛార్జ్ అవుతుండగా రెండు వేళ్లతో పట్టుకోండి. వెచ్చగా ఉంటే ఫ్యూజ్ లాగి దాని కాళ్లు చూడండి: ఒక కాలు తళతళలాడుతూ రెండోది గోధుమరంగుకి మాడి ఉంటే, ఆ పక్క పట్టు వదులైనట్టు. హోల్డరే మార్చండి, గీకి మళ్ళీ పెట్టొద్దు.

వీలైతే కంట్రోలర్‌నే బ్యాటరీకి అర మీటరు దగ్గరికి తేవడం అన్నిటికన్నా మంచిది. పొడుగు తీగ ప్యానెల్ వైపు ఉంటే అక్కడ వోల్టేజ్ ఎక్కువ, కరెంటు తక్కువ, కొలతా చెడదు. అది కుదరకపోతే 10 చదరపు ఎంఎం వేయండి, అదే 7 మీటర్లకు 0.11 వోల్టులే పోతుంది. ఫ్యూజ్ 20 ఆంపియర్లది, బ్యాటరీ ప్లస్‌కి ఒక జానెడు లోపల. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తీగ తీయాలి, తర్వాత బ్యాటరీది. పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ఇది తారుమారైతే కొన్ని కంట్రోలర్లు అక్కడికక్కడే పోతాయి.

కంట్రోలర్ మూసిన అలమరాలో ఉందా? బయటి సెన్సార్ లేనివి తమ సొంత వేడినే బ్యాటరీ వేడి అనుకుంటాయి. డిగ్రీకి 24 మిల్లీవోల్టుల చొప్పున, 15 డిగ్రీలు ఎక్కువుంటే 0.36 వోల్టులు తగ్గించేస్తాయి.

పన్నెండువోల్టులు:
రాత్రి ఫ్రిజ్ ఆపి, నెగటివ్ తీగలో మీటర్ సిరీస్‌గా పెట్టి చూడండి, 10 ఆంపియర్ల రేంజ్‌లో. మీటర్ ఉండగా పంపు, ఫ్రిజ్ వేయొద్దు, మీటర్ ఫ్యూజ్ పోతుంది.

చక్రాలిల్లు:
ఫ్రిజ్ ఆపినా 1.1 ఆంపియర్లు వస్తోంది. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంది, దానికి ఏమీ తగిలించలేదు, అందుకే లోడ్‌లో చెప్పలేదు.

పన్నెండువోల్టులు:
రోజుకు 26 ఏహెచ్. ఇన్వర్టర్ స్విచ్ ఆపేయండి.

రాగితీగ:
ఇదీ పెద్ద లెక్కే. కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 4.5 ఆంపియర్లు, రోజులో 40 శాతం నడుస్తుందనుకుంటే 43 ఏహెచ్. ఇన్వర్టర్‌తో కలిపి 69. చదునుగా పరిచిన 200 వాట్లు మంచి ఎండలో ఇచ్చేది 55 దగ్గర. అంటే వైరు మార్చినా ఇన్వర్టర్ ఆపకపోతే రోజూ 14 లోటు, వారంలో మళ్ళీ ఇక్కడికే వస్తారు.

చక్రాలిల్లు:
కంట్రోలర్ కదల్చడం కుదరలేదు. 10 చదరపు ఎంఎం వేశాను, హోల్డర్ మార్చాను, సెట్టింగ్ ఏజీఎం, అబ్సార్ప్షన్ 4 గంటలు. ఇన్వర్టర్ ఆపేశాను. ఇప్పుడు కంట్రోలర్ దగ్గర 14.4 ఉంటే బ్యాటరీ దగ్గర 14.27. పొద్దున 12.4 ఉంది. థాంక్స్ అండీ అందరికీ.

రాగితీగ:
సంతోషం. ఒక్కటి చూడండి. ఇన్నాళ్లు సగం ఛార్జ్‌తో తిరిగిన ఏజీఎంలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఉండొచ్చు. ఒకరోజు నిండా ఛార్జ్ చేసి, లోడ్లన్నీ ఆపి, ప్యానెల్ తీగ తీసేసి, ఐదారు గంటల తర్వాత కొలవండి. 12.7 దాటి నిలిస్తే బాగున్నట్టు. 12.5 కిందికి దిగితే కెపాసిటీ కొంత పోయినట్టే. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.

నీడకుశత్రువు:
వెంట్ మూత నీడ సాయంత్రం ఎటు పడుతోందో కూడా చూసి రాయండి.

లిథియంబాట:
ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ చేసే డీసీ-డీసీ ఛార్జర్ ఉందా వ్యాన్‌లో?