రొయ్యల చెరువుల దగ్గర స్కోరు 10 వస్తే డిప్రెషన్ అని రాయొచ్చా?

పరిశోధక విద్యార్థిని, భీమవరం:
ఆకివీడు, ఉండి వైపు చెరువుల కాపలావాళ్లతో పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి చేయిస్తున్నాను. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డిప్రెషన్ అనుమానం కింద రాసుకుంటాం. చాలామందికి పది దాటుతోంది. ప్రశ్నల పొందిక చూపే లెక్క, అదే ఆల్ఫా, బాగానే ఉంది కాబట్టి అలాగే రాసేయమంటున్నారు మా గైడ్. నాకు మనసొప్పడం లేదు.

స్టాటిస్టిక్స్ లెక్చరర్, తణుకు:
రాయకండమ్మా. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే పంట పోతుంది. అందుకే కాపలా మనిషి రాత్రంతా మేలుకునే ఉంటాడు. అతను నిద్రకు 3, నీరసానికి 3, ఆకలికి 2, ధ్యాసకు 2 వేస్తే పది అయిపోయింది. ఆసక్తి తగ్గడం, దిగులు, ఈ రెండింటికీ సున్నాయే. ఇంకొకరికి ఆసక్తి తగ్గడం 3, దిగులు 3, ఎందుకూ పనికిరానన్న భావన 3, చచ్చిపోతే బాగుండన్న ఆలోచన 1. అదీ పదే. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారా?

ఇక ఆల్ఫా. 1951లో క్రాన్‌బాక్ వివరించిన ఆ లెక్క ప్రశ్నలు ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది, దేన్ని కొలుస్తున్నాయో చెప్పదు. రాత్రి కాపలాతో నిద్ర, నీరసం, ఆకలి, ధ్యాస నాలుగూ కలిసే చెడతాయి. ఆల్ఫా అందువల్ల కూడా పెరగొచ్చు.

ఆరోగ్య కేంద్రం నర్సు, అమలాపురం:
మాస్టారూ, ఆ నాలుగూ పక్కన పెడితే మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు చాలామంది తప్పిపోతారు. దిగులుగా ఉందని నోరు విప్పి ఎవరు చెబుతారండీ? ఒళ్లు నీరసం, నిద్ర పట్టట్లేదు అనే వస్తారు. కూర్చోబెట్టి మాట్లాడితే అప్పుడు అసలు బాధ బయటికొస్తుంది. నలుగురు అదనంగా పడినా పర్వాలేదు, ఒక్కరు తప్పిపోకూడదు.

లెక్చరర్, తణుకు:
తీసేయమనడం లేదు సిస్టర్. మిగతా ప్రశ్నల్లో ఒకే స్థాయిలో ఉన్న కాపలావాళ్లనీ, పగటి పనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. అప్పుడు కూడా నిద్ర ప్రశ్నకు కాపలావాళ్లే ఎక్కువ వేస్తుంటే, ఆ ప్రశ్న వాళ్ల దగ్గర వేరేగా పనిచేస్తోందన్నమాట.

పది అనే గీతకు ఆధారం 2001 నాటి క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అధ్యయనం. అమెరికా క్లినిక్కుల్లో 6,000 మందితో నింపించి, 580 మందిని నిపుణులతో విడిగా ఇంటర్వ్యూ చేయించి సరిపోల్చారు. మన చెరువుల దగ్గరా ఆ ఇంటర్వ్యూలు కావాలి. గీత దాటనివాళ్లలోనూ కొందరిని చూడాలి, లేకపోతే ఎవరు తప్పిపోయారో తెలిసేదెలా? మొత్తం ఎంతైనా సరే, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 1 పడినా ఆ రోజే ఆ మనిషితో మాట్లాడాలి.

నర్సు, అమలాపురం:
ఆ చివరి మాటకు ఒప్పుకుంటాను. గీతను పైకి జరపడానికి మాత్రం ఒప్పుకోను. మా మండలాల్లో ఇంటర్వ్యూ చేసే డాక్టరు దొరకడమే కష్టం, అప్పటిదాకా ఉన్నది ఈ కాగితమే.

విద్యార్థిని, భీమవరం:
పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టేశాక, కాపలా ఉండదు కదా సర్. రెండు వారాలు ఆగి అదే మనుషుల్ని మళ్లీ అడిగితే? నిద్ర మార్కులు తగ్గి, దిగులు మార్కులు అలాగే ఉంటే తేడా తెలుస్తుంది.

లెక్చరర్, తణుకు:
అడగండి. పంట నష్టపోయినవాళ్లని మాత్రం విడిగా రాసుకోండి. వాళ్లకి అప్పుడు నిద్ర పట్టకపోవడానికి కారణం కాపలా కాదు, అప్పు.